ఆరో గిన్నెలో వడ్లు

పిచ్చుకకు ఆ పేరు పెట్టింది వాళ్ళ నాయనమ్మ. కళ్లంలో ఆరబోసిన వడ్లు కనిపిస్తే చాలు, రెండు గింజలు నోట్లో వేసుకోకుండా ఆ పిల్ల అడుగు ముందుకు వేసేది కాదు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. వ్యవసాయ కళాశాలలో ఇంటర్వ్యూకి ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చింది, కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

తండ్రిది ఒకటే పాట. "మట్టి పిసకడానికి చదువెందుకే? మామయ్య ఆఫీసులో చేరితే ఏసీ గది, తిరిగే కుర్చీ! సీటొచ్చినా నేను సంతకం పెట్టను." మరి తోడెందుకు వచ్చినట్టు? అడిగితే బస్సులో రద్దీ అన్నాడు. తండ్రి సంతకం లేనిదే చేర్చుకోరని ఇద్దరికీ తెలుసు. ఆయన వరండాలో బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

లోపల పొడవాటి బల్ల మీద పది గాజు గిన్నెలు, ఒక్కో దాంట్లో ఒక్కో విత్తనం. చూసి పేరు రాయాలి, అంతే. ఎర్ర రంగు పూసిన మొక్కజొన్న జోలికి పోలేదు. మందు పట్టించిన గింజను ముట్టుకునేంత వెర్రిది కాదు. ఆరో గిన్నెలో వడ్లు నిగనిగలాడుతున్నాయి. చెయ్యి ఎప్పుడు లేచిందో, నోరు ఎప్పుడు తెరుచుకుందో ఆమెకే తెలియదు.

"అమ్మాయీ! పరీక్షకు పెట్టినవి తినేశావా?" ఇంటర్వ్యూ చేస్తున్న పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచారు.

పిచ్చుక నాలుక్కరుచుకుంది. సీటు కాస్తా గోవిందా! అయినా నోరు ఊరుకుంటేనా?

"మేడమ్, ఇవి ఇంకా ఆరలేదు. ఎండిన గింజ టక్కున విరగాలి, ఇది పంటి కింద నలుగుతోంది. తేమ పదహారు శాతం దాకా ఉంటుంది. ఇలాగే బస్తాల్లో ఉంచితే బూజు పడుతుంది."

గిన్నెల్లో విత్తనాలు పోసిన స్టోర్ కీపరు మండిపడ్డాడు. "బస్తా చీటీ మీద పన్నెండని నేనే రాశాను! నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు చెబుతుందా?"

తేమ కొలిచే మిషను తెప్పించారు. స్టోర్లోని ఆ వడ్ల బస్తాలోంచి గుప్పెడు తీసి పోశారు. పదహారు పాయింట్ ఒకటి. స్టోర్ కీపరు మిషనును తట్టి చూశాడు, మళ్ళీ అదే. ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. పెద్ద మేడమ్ పకపకా నవ్వారు. పిచ్చుకకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేసేసింది కూడా.

పది నిమిషాల్లో ఆ బస్తాలన్నీ ఎండలోకి వచ్చాయి. ఇంకాసేపటికి సీటిచ్చిన కాగితం పట్టుకుని ఆమె వరండాలోకి పరుగెత్తింది. బెంచీ ఖాళీ! సంతకం పెట్టాల్సి వస్తుందని ఇంటికి వెళ్ళిపోయాడా?

లేదు. ఆవరణలో ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, వడ్ల మధ్య నిలబడి, ముగ్గురు విద్యార్థుల మీద కేకలేస్తున్నాడు.

"అంత మందంగా పోస్తారా? పల్చగా నెరపండి! అబ్బే, ముందు చెప్పులు విప్పండయ్యా!"

విద్యార్థులు నవ్వుతూ విప్పారు. స్టోర్ కీపరూ విప్పాడు.

"ఏమే, వీటిని ఆరాయన్నారట! సీటిచ్చారా?" అన్నాడు కూతుర్ని చూసి.

తల ఊపింది. కాగితం ముందుకు చాచింది.

"ఇవ్వక ఛస్తారా? నిన్నిక్కడ వదలకపోతే ధాన్యమంతా బూజు పట్టించేట్టున్నారు." కాగితం లాక్కుని, ఓ విద్యార్థి వీపు మీద ఆనించి, సంతకం గీకేశాడు. ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి వెంటనే వదల్లేదు.

"మరి ఈ నాలుగేళ్ళూ మన వడ్లు ఎవరు కొరికి చూసి చెబుతారే?" అన్నాడు.