తేలిన చుక్క

రక్తం తీసే గది బయట బల్ల మీద కూర్చున్న అక్కకి తన గుండె చప్పుడు తనకే వినబడుతోంది. చెల్లెలి గురించి భయమో, సూదంటే భయమో, లిఫ్టు పాడై మూడో అంతస్తు దాకా మెట్లెక్కిన ఆయాసమో, విడదీసి చెప్పమంటే చెప్పలేదు.

చెల్లెలికి గర్భసంచిలో గడ్డ. నెలల తరబడి రక్తం పోయి పోయి మనిషి సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. సాయంత్రం ఆపరేషన్. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఎక్కడోగాని దొరకని ఓ-నెగెటివ్ రక్తం. ఆసుపత్రిలో ఆ రకం ఒక్క సంచే ఉంది. "రెండో సంచి కళ్లతో చూస్తేగాని నేను కత్తి పట్టను. అలాగని రేపటిదాకా ఆగే పరిస్థితీ కాదు ఆవిడది" అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

అప్పట్నుంచి చెల్లెలి మొగుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు కొట్టాడు. చివరికి ఊరి అవతలి కొసన అదే గ్రూపు ఉన్న ఒక సిటీబస్సు డ్రైవరు దొరికాడు. పాపం మంచివాడు, వస్తానన్నాడు. "కాకపోతే రమ్మనేదీ లేనిదీ నేను బండెక్కక ముందే చెప్పండి. ఎక్కానంటే ఫోనెత్తను, పొద్దుగూకితేగాని దిగను" అన్నాడు.

ఈలోగా తల్లి పెద్ద కూతుర్ని పట్టుకుంది. "ఒకే కడుపున పుట్టారు, ఒకే రక్తం. ముక్కూమొహం తెలియనివాణ్ణి దేబిరించడం దేనికే? నీకేం, బండలా ఉన్నావు!"

బండ సంగతి అక్కకి తెలుసు. ఆమె పనిచేసేది లాండ్రీలో. పగలంతా నిలబడి హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఈమధ్య నాలుగు దుప్పట్లకే కళ్లు బైర్లు కమ్మి, బల్ల అంచు పట్టుకుని నిలబడుతోంది. ఆమధ్య ఒక డాక్టరు కంటి కింద రెప్ప లాగి చూసి, ఒంట్లో ఐరన్ అడుగంటిపోయిందన్నాడు. ఆ మాట విని లాండ్రీ యజమాని పడీపడీ నవ్వాడు. "పొద్దస్తమానం ఐరన్ చేత్తోనే పట్టుకుంటావు కదమ్మా, ఒంట్లోకి ఎక్కదేం?" మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పింది. మానేసింది. ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమంత రోగమా అనుకుంది.

"ఇస్తానమ్మా" అంది. ఇంకేమంటుంది?

లోపల రక్తం తీసే ఆవిడ నడివయసు మనిషి, చేతులు చురుకు. అక్క వేలికి సూది చటుక్కున గుచ్చింది. గ్లాసులో నీలం నీళ్లున్నాయి. సన్నటి గొట్టంతో ఒక్క చుక్క తీసి అందులో వదిలింది. చుక్క కాస్త కిందికి దిగింది, ఆలోచించుకున్నట్టు ఆగింది, మెల్లగా పైకొచ్చి నీళ్ల మీద నిలిచింది.

"తేలింది" అందావిడ, తల తిప్పకుండానే.

గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఆవిడకి మొదటి మాట చెవిన పడ్డాక రెండో మాట వినే ఓపిక పుట్టినప్పట్నుంచీ లేదు. జీవితంలో ఆవిడ భయపడిందల్లా మునగడానికే. తేలితే ఇంకేం కావాలి? "తేలింది! పెద్దదానిది తేలిందయ్యా!" అంటూ వరండాలోకి పరుగెత్తింది.

రక్తం తీసే ఆవిడ ఈ హడావిడి పట్టించుకోలేదు. "చిక్కటి రక్తమైతే బరువుకి మునుగుతుందమ్మా. మీది పల్చబడిపోయింది. మీ దగ్గర తీసుకోను."

"నా చెల్లెలికండీ. నాకేమైనా పర్వాలేదు."

"మీకు పర్వాలేదు సరే. ఆవిడకి మాత్రం ఏం ఒరుగుతుంది? ఇది ఎక్కిస్తే పాలల్లో నీళ్లు కలిపినట్టు కూడా కాదు, నీళ్లల్లో పాలు కలిపినట్టు. పైగా మీరిక్కడ కుప్పకూలారనుకోండి, మీదీ అదే గ్రూపు. ఉన్న ఆ ఒక్క సంచీ మీకే ఎక్కించాల్సొస్తే?" అని వేలి మీద దూది నొక్కి, "కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వెళ్లండి" అంది. ఆవిడ డ్యూటీ అయిపోయింది. చేతులు కడుక్కుని తన చేతిసంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

వరండాలోంచి ఫోన్లో మాట్లాడుతున్న మరిది గొంతు వినబడింది. ఎన్నాళ్లకో విన్న సంతోషపు గొంతు. "అక్కర్లేదన్నా! మా వదినది తేలిపోయింది! మీరు నిశ్చింతగా డ్యూటీకెళ్లండి!"

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి అరవాలి. ఒక్క కేక వేస్తే చాలు. కాని నోరు పెగల్లేదు. తలుపు అద్దంలోంచి తల్లి కనబడుతోంది, కొంగు మొహానికి కప్పుకుని ఏడుస్తోంది. సంతోషంతో ఏడుస్తోంది. ఆ మొహం ముందుకెళ్లి కాదని చెప్పడం కన్నా ఒంట్లో ఉన్నదంతా పిండి ఇచ్చేయడమే తేలికనిపించింది.

అంతలో కొత్త డ్యూటీ ఆయన ఈల వేసుకుంటూ వచ్చాడు. వేలి మీద దూది చూశాడు. తల్లి గుమ్మంలోంచే, "మా అమ్మాయేనయ్యా ఇచ్చేది, అంతా చూశారు, తేలింది" అంది. ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ సగమే విన్నాడు. "రండి, పడుకోండి" అన్నాడు.

అక్క వెళ్లి పడుకుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, పడుకుంది. ఆయన జబ్బకి రబ్బరు పట్టీ బిగించాడు, పిడికిలి మూసి తెరవమన్నాడు. నరం కోసం వేలితో తట్టి తట్టి చూశాడు. అది సరిగ్గా లేవలేదు. ఆమె కళ్లు గది పైకప్పు మీదున్న తడి మరకని పట్టుకుని వేలాడుతున్నాయి. ముచ్చెమటలు పోశాయి. చచ్చిపోతానేమో అనుకుంది. ఆ వెంటనే, చచ్చిపోకుండా ఆపడానికి ఆ ఒక్క సంచీ నాకోసం విప్పుతారేమో అనుకుంది. అప్పుడు పుట్టింది అసలు భయం. అప్పటిదాకా ఉన్నది దాని ముందు భయమే కాదు.

"చుక్క వేసి చూశారు కదా? మునిగిందా?" అన్నాడాయన, మాటవరసకి, సూది మూత తీస్తూ.

మునిగింది అంటే చాలు. ఆయన మళ్లీ చూడడు. అమ్మ సంతోషపు ఏడుపు ఆగనక్కర్లేదు. చెల్లెలికి సంచి చేరుతుంది, డాక్టరమ్మ కత్తి పడుతుంది. సంచిలో ఉన్నది నీళ్లో పాలో ఎవరికి తెలుస్తుంది? చెల్లెలి ఒంటికి తెలుస్తుంది.

"తేలింది" అంది అక్క.

ఆయన సూది పక్కన పెట్టేశాడు. "మరెందుకు పడుకున్నారమ్మా?"

"భయమేసి."

"సూదికి భయపడి పారిపోయినవాళ్లని చూశాను. భయపడి పడుకున్నవాళ్లని మిమ్మల్నే చూడటం" అంటూ పట్టీ విప్పాడు. కసిరినట్టు లేదు. అదే ఆమెకి ఇంకా ఏడుపు తెప్పించింది.

బయటికి వచ్చేసరికి తల్లి ఎదురొచ్చి భుజాలు పట్టుకుంది. "అయిపోయిందా? ఇంత తొందరగానా?"

"తియ్యలేదమ్మా. నా రక్తం పనికిరాదట."

"అదేంటే! తేలిందన్నారుగా!"

"ఇక్కడ తేలితే మునిగినట్టమ్మా."

తల్లికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక అరవలేదు, తిట్టలేదు. ఉన్నచోటే గోడకి ఆనుకుని కూలబడింది. మరిది ఫోను తీశాడు. డ్రైవరు నంబరు మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆగిపోయింది. వదినని ఒక్క మాట అనలేదు. "ఏ రూటన్నాడు, ఏ రూటన్నాడు" అని తనలో తానే గొణుక్కుంటూ మెట్ల మీదుగా దూకుతూ వెళ్లిపోయాడు. కింద మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు పైదాకా వినిపించింది.

అక్క కాళ్లీడ్చుకుంటూ చెల్లెలి దగ్గరికి వెళ్లింది. వార్డులో ఆ చివరి మంచం. చెల్లెలు కళ్లు తెరిచే ఉంది.

"ఇచ్చేశావా?"

"లేదే." అక్క మంచం పక్కన నిలబడిపోయింది. "తీసుకోనన్నారు. ఒంట్లో ఐరన్ లేదట. నీకింత కష్టమొస్తే నేను దేనికీ పనికిరాకుండా పోయాను. నావల్ల ఆ డ్రైవరు కూడా…" మిగతాది మింగేసింది.

చెల్లెలు మోచేతి మీద లేచింది. అక్క చెయ్యి లాక్కుని, మోచేతి మడత తిప్పి చూసింది. ఆ చెయ్యి వదిలి రెండో చెయ్యీ చూసింది. సూది గుచ్చిన మచ్చ లేదు. అప్పుడు దిండు మీద వాలిపోయి కళ్లు మూసుకుంది. మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు కారాయి.

"బతికించావే అక్కా" అంది.

అక్కకి ఏమీ అర్థం కాలేదు. అడుగుదామంటే చెల్లెలు మగతలోకి జారిపోయింది. రెండు గంటలు గడిచి, చెల్లెలు కళ్లు తెరిచేసరికి తల్లి వార్డులోకి వచ్చింది. మరిది బస్సుకి ఎదురెళ్లి, రోడ్డుకి అడ్డంగా బండి పెట్టి, బస్సులోవాళ్లందరి చేతా చీవాట్లు తిని, ఇంకో డ్రైవరు వచ్చేదాకా కాళ్లావేళ్లా పడి, ఆయన్ని వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడట. "డ్రైవరు పడుకున్నాడే. చూసే వచ్చాను, సంచి నిండుతోంది" అంది తల్లి. ఆ మాటకి అక్క మంచం అంచున కూర్చుండిపోయింది.

"అమ్మా, నువ్వెళ్లి కాసిని నీళ్లు తాగు. మొహం పీక్కుపోయింది" అంది చెల్లెలు. తల్లి వెళ్లేదాకా చూసింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"రోజూ నువ్వు మెట్లెక్కొచ్చి ఎలా రొప్పుతున్నావో నాకు వినబడదనుకున్నావా? పొద్దున అమ్మ నీ వెంటబడ్డప్పట్నుంచీ ఒకటే వణుకు నాకు. నువ్వు ఇస్తావు, పడిపోతావు, లేవవు. ఆపరేషన్ కన్నా అదే భయం."

"ఇప్పుడేమీ కాలేదుగా."

"నేను బల్ల మీంచి లేస్తానో లేదో నాకు తెలీదక్కా. అమ్మ పెద్దదైపోయింది. ఆయనకి మా పిల్లకి జడ వెయ్యడం కూడా రాదు. ఇక్కడికి వచ్చేటప్పుడు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను. అమ్మ రాకపోతే పెద్దమ్మ దగ్గరుండు, పెద్దమ్మ చెప్పినట్టు విను అని. సరేనంది." చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "నువ్వు కూడా లేకపోతే దానికి నేను చెప్పిందంతా అబద్ధమైపోదూ?"

ఇంకో రోజైతే అక్క ఒంటికాలి మీద లేచేది. పాడు మాటలు మాట్లాడావంటే నెత్తిన ఒక్కటిస్తానని బెదిరించేది. అలా అనడానికే నోరు తెరిచింది కూడా. కాని చెల్లెలికి కావలసింది ధైర్యం చెప్పే మాట కాదు, జవాబు. ఆ జవాబివ్వాలంటే, చెల్లెలు లేని ఇల్లు ఒక్కసారి కళ్లారా చూడాలి. అక్క చూసింది.

"ఉంటాను" అంది.

చెల్లెలు తలూపింది. ఇద్దరి చేతులూ చల్లగానే ఉన్నాయి. పిలుపొచ్చేదాకా ఎవరూ ఎవరి చెయ్యీ వదల్లేదు.