పెద్దాయనకూ చిన్నోడికీ పొత్తు

తలుపు తీయగానే గుప్పుమని కొట్టింది కంపు. తడిసిన గడ్డి, మురిగిన ఉచ్చ, వాటి అడుగున పేరు పెట్టలేని ఇంకేదో పులిసిన వాసన. ఆమె గుమ్మంలోనే నిలబడి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యా! ఏమిటీ కంపు? డ్రైనేజీ పొంగిందా?"

"డ్రైనేజీ కాదు, చుట్టాలొచ్చారు," అంది అత్తగారు వంటింట్లోంచి. ఆ గొంతులో సంతోషం దాచినా దాగడం లేదు.

ముందుగదిలో కుర్చీలు ఒక మూలకు జరిగి ఉన్నాయి. వాటి చోట రెండు బోనులు. ఒకదాంట్లో కాల్చిన రొట్టె రంగులో, నెత్తిమీద తెల్లటి సుడితో, ఒక చెవి అంచు చిరిగిన ముసలి జంతువు ముడుచుకుని కూర్చుంది. రెండో దాంట్లో నల్లటి కుర్రది ఒకటి గడ్డిని అటూ ఇటూ ఎగజిమ్ముతోంది.

"ఎలుకల్ని తెచ్చారా?"

"ఎలుకలేమిటే, తోకేదీ? గినీ పందులు."

"పందులా!"

"పేరుకే పందులు. ఆ పేరు పెట్టినవాణ్ణి అడగాలి, నన్నడిగితే నేనేం చెప్పను?" అని అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వీడు పెద్దాయన. వాడు చిన్నోడు. ఇద్దరూ మగపిల్లలే."

కోడలు పళ్ళసెట్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరూ తీసిన అచ్చులు ఆమె బల్ల మీదికే వస్తాయి. ఎవరెవరి నోళ్ళో, ఎవరెవరి చిగుళ్ళో, ఒక్కోసారి అంటుకుని వచ్చిన అన్నం మెతుకో, రక్తపు చారో. అవేవీ ఆమెకు రోత అనిపించవు. ముందు మందునీళ్ళలో మునుగుతాయి, తర్వాతే ఆమె చేతికొస్తాయి. ఇంటికొస్తే మోచేతుల దాకా కడుక్కుంటుంది. ఆమె తుడిచిన నేల మీద అద్దంలోలాగా మొహం చూసుకోవచ్చు. మొగుడు ఓడలో వంటవాడు. ఏడాదిలో ఇంట్లో ఉండేది తక్కువ, సముద్రం మీద ఉండేది ఎక్కువ. ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళిద్దరే.

అత్తగారు స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. బస్సు నిండా పిల్లల గోలకు అలవాటు పడ్డ చెవులకు ఇంట్లో నిశ్శబ్దం పడలేదు. వీధి చివర జంతువుల ఆశ్రమం ఉంటే, అక్కడికి వెళ్ళి గిన్నెలు కడిగిపెట్టడం మొదలుపెట్టింది. కడిగి ఊరుకుంటే బాగానే ఉండేది.

"పెద్దాయన్ని ఎవడో అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టేసి, వానలో గేటు ముందు పారేసి పోయాడే. పెట్టెకు గాలి కన్నం కూడా లేదు. నేనే విప్పాను," అంది అత్తగారు. "చిన్నోడు వేరే ఇంటివాడు. ఈ జాతి ఒంటరిగా బతకలేదట. తోడు లేకపోతే దిగులుపడి తిండి మానేస్తుందట."

"నేనూ ఒంటరిగానే ఉన్నాను. ఏం మానేశాను?"

"నువ్వు ఒంటరిదానివేమిటే? నేను లేనూ?"

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మొగుడికి ఫోన్ చేసి మొర పెట్టుకుంది. "కంపు, బాబూ, కంపు! భరించలేకపోతున్నాను," అంది. అతను నవ్వి, "అమ్మ సరదా పడుతోందిగా, కాస్త సర్దుకో," అన్నాడు. సముద్రం అవతలికి వాసన పోదు కదా, ఎన్నైనా చెబుతాడు.

మర్నాడే అత్తగారు తొందరపడింది. చిన్నోణ్ణి ఎత్తి తిన్నగా పెద్దాయన బోనులో దింపేసింది. "అన్నదమ్ముల్లా ఉంటారు చూడు," అంది. కోడలు అప్పుడే కంచం ముందు కూర్చుంది. ముందు గుర్రుమని ఒక చప్పుడు. తర్వాత పళ్ళు టకటకలాడిన చప్పుడు. వదులైన పళ్ళసెట్టు పెట్టుకుని ఎవరో కోపంగా మాట్లాడుతున్నట్టుంది. అంతలోనే రెండూ ఒకదానిమీదికొకటి దూకాయి. బొచ్చు రేగి గాల్లోకి లేచి కూరలో పడింది.

"అయ్యో, ఆగండ్రా! ఆగండి!" అంటూ అత్తగారు మధ్యలో చెయ్యి పెట్టింది.

అంతే. ఎవరు కరిచారో ఆ దేవుడికే తెలియాలి. చూపుడువేలు లోతుగా తెగింది. నెత్తురు, బొచ్చు, ఉచ్చ కలిసిన గడ్డి, అన్నీ నేలమీద. ఆమె ఒక చేత్తో అత్తగారి వేలు అదిమిపట్టుకుని, రెండో చేత్తో తన నోరు మూసుకుంది. కుట్లు పడ్డాయి.

సాయంత్రం ఆశ్రమానికి వచ్చే పశువుల డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది.

"ఒకరి ఇంట్లోకి ఇంకొకర్ని చెప్పాపెట్టకుండా తోసేస్తారా? మీ ఇంట్లోకి ఎవరైనా అలా వస్తే ఊరుకుంటారా? కొన్నాళ్ళు బోనులు పక్కపక్కనే పెట్టండి. వాసన అలవాటు కావాలి. వీడి గుడ్డ వాడికి, వాడి గుడ్డ వీడికి మార్చండి. తర్వాత ఇద్దరిలో ఎవరూ కాలుపెట్టని చోట కలపండి. కొట్టుకున్నా చేతులు మాత్రం పెట్టొద్దు, మందపాటి తువ్వాలు వెయ్యండి. మీరు మాత్రం పెద్దమ్మా, ఆ వేలు మానేదాకా వాటి జోలికి పోవద్దు."

ఆ మాటతో డాక్టరమ్మా అత్తగారూ కోడలి వైపు తిరిగారు.

"నన్ను చూడకండి," అంది ఆమె. చూశారు. చూస్తూనే ఉన్నారు.

అలా ఆ రోత అంతా ఆమె నెత్తిన పడింది. తడిసిన గుడ్డల్ని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, ఒక బోనులోంచి ఇంకో బోనులోకి మార్చేది. ఎండు గింజల్లాంటి పెంటికలు చీపురుకు దొరక్కుండా గదంతా దొర్లేవి. ఒకరోజు చిన్నోడు తల కిందకు వంచి, తన వెనకనుంచి ఏదో అందుకుని, తాపీగా నమలడం చూసింది.

"అత్తయ్యా! వాడు... వాడు తనదే..."

"తెలుసులే. మెత్తగా ఉన్నవి మళ్ళీ తింటేనే వాటికి ఒంటబడుతుందట. డాక్టరమ్మ చెప్పింది."

ఆమె ఆ రాత్రి అన్నం మానేసింది. వాటిని చూసి ఇంకెవరో తిండి మానేస్తున్నారని అత్తగారు పైగా వేళాకోళం.

అయితే అసలు పరీక్ష వేరే ఉంది. పెద్దాయన సరిగా కూర్చోవడం లేదని డాక్టరమ్మ తిరగేసి చూసింది. ముసలి మగ గినీ పందులకు వెనకవైపు సంచిలో మురికి పేరుకుని గట్టిపడిపోతుందట. నూనె రాసి, నానబెట్టి, మెల్లగా వెలికి తీయాలట. ఎవరూ తీయకపోతే లోపలే కుళ్ళుతుందట.

"ఒకసారి నేను చూపిస్తాను, తర్వాత మీరే చెయ్యాలి," అంది.

ఆ 'తర్వాత' రానే వచ్చింది. ఆమె బాత్రూం తలుపు వేసుకుని, పనిలో వాడే చేతితొడుగులు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, ముక్కు కింద తలనొప్పి మందు పట్టించి, దానిమీద మాస్కు కట్టుకుంది. పెద్దాయన్ని ఎడమచేతిలో వెల్లకిలా పట్టుకుంది. నూనె వేసి నొక్కింది. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఆకుపచ్చగా, బంకగా, వెంట్రుకలు చుట్టుకున్న ఒక ముద్ద జారి అరచేతిలోకి వచ్చింది. తలనొప్పి మందునూ మాస్కునూ చీల్చుకుని ఆ కంపు నేరుగా గొంతులోకి దిగింది. ఆమె జంతువును జారవిడవకుండానే పక్కకు తిరిగి వాంతి చేసుకుంది.

పెద్దాయన కదల్లేదు. గుండె మాత్రం ఆమె వేళ్ళకింద దడదడలాడుతోంది. అది నొప్పికి అలవాటు పడ్డ ఊరుకోవడం. ఆమెకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇది ఒక్కరోజులో పేరుకున్నది కాదు. ఇంట్లో పెట్టుకుని, దీన్ని ఇలా వదిలేసిన మనుషులెవరో ఉన్నారు. వాళ్ళూ అన్నం తిన్నారు, నిద్రపోయారు.

వాళ్ళలో ఒకడు తనంతట తానే ఎదురవుతాడని ఆమె అనుకోలేదు.

ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు ఒకాయన అప్పుడప్పుడూ తన అచ్చులు తానే తెచ్చి ఇచ్చేవాడు. ఎప్పుడొచ్చినా చలువ చేసిన చొక్కా, ఖరీదైన అత్తరు. ఆరోజు కొత్తగా కొన్న కుక్కపిల్ల ఫొటోలు ఫోన్లో అందరికీ చూపిస్తున్నాడు. వేలితో జరుపుతూ పోతుంటే పాత ఫొటో ఒకటి వచ్చింది. వాళ్ళ పాప ఒళ్ళో రొట్టె రంగు జంతువు. నెత్తిమీద తెల్లటి సుడి. ఒక చెవి అంచు చిరిగి ఉంది.

"ఇదేమిటి సార్?" అంది ఆమె.

"ఇదా? పాతది. గినీపిగ్. కంపు తల్లీ, కంపు! మా ఆవిడ భరించలేకపోయింది. ఎవరో పెంచుకుంటామని బతిమాలితే ఇచ్చేశాం."

మొగుడితో తాను ఫోన్లో అన్న మాటే అది, ఇంచుమించు అదే గొంతుతో. అది ఈయన నోట్లోంచి రావడం ఆమెకు మింగుడుపడలేదు.

"అట్టపెట్టెకు టేపు కూడా ఆ బతిమాలినవాళ్ళే చుట్టారా సార్? ఆరోజు వాన కూడా పడింది."

ఆయన మొహంలో ఏదో కదిలి, వెంటనే సర్దుకుంది. గట్టిగా నవ్వాడు.

"అబ్బ, ఎలుకే కదమ్మా!" అని ఆమె భుజం మీద చెయ్యి వేసి తట్టాడు.

గోళ్ళు కత్తిరించుకున్న, సబ్బు వాసన వేసే, తెల్లటి శుభ్రమైన చెయ్యి అది. ఆమె ఒళ్ళంతా కంపరమెత్తింది. బాత్రూంలో ఆ ముద్ద అరచేతిలో పడ్డప్పుడు కూడా ఇంతగా ఎత్తలేదు. చెయ్యి తీసేదాకా ఆగలేక పక్కకు జరిగిపోయింది. ఆయన వెళ్ళాక యజమాని దగ్గరకు వెళ్ళి, ఆ డాక్టరుగారి అచ్చులు ఇకమీదట వేరేవాళ్ళకివ్వమంది.

"ఎందుకూ?"

"అలర్జీ అండీ."

"ప్లాస్టరుకా?"

"కాదు, ఆయనకి," అంది. యజమాని తల గోక్కుని, సరేనన్నాడు. ఇంటికెళ్ళగానే ఆ చొక్కాను వేడినీళ్ళలో నానబెట్టింది.

అత్తగారికి సంగతి చెబితే, ఆవిడ బస్సు నడిపే రోజుల్లో అడ్డమొచ్చిన లారీవాళ్ళ కోసం దాచుకున్న తిట్లన్నీ బయటకు తీసింది. అన్నీ అయ్యాక, "మరి వీళ్ళిద్దర్నీ కలిపేద్దామా?" అంది.

"ఎక్కడ కలుపుతాం? ఇల్లంతా వీళ్ళ వాసనే."

"నీ గదికి రాలేదుగా."

నిజమే. ఆ కంపు దూరకుండా ఆమె కాపాడుకున్నది తన పడకగది ఒక్కటే. "వద్దత్తయ్యా, దణ్ణం పెడతాను," అంది. అంటూనే పరుపు గోడకు నిలబెట్టి, నేలమీద ప్లాస్టిక్కు పరిచి, పాత దుప్పట్లు వేసింది. మధ్యలో గడ్డి కుప్ప పోసింది. నీళ్ళసీసాలు రెండు, దాక్కోవడానికి రెండువైపులా దారి ఉన్న పెట్టెలు రెండు పెట్టింది. దేనికోసమూ పోట్లాట రాకూడదన్నది డాక్టరమ్మ మాట. మందపాటి తువ్వాలు చేతపట్టుకుని, సెలవురోజు పొద్దున్నే ఇద్దర్నీ దింపింది.

కాసేపు ఎవరి పాటికి వాళ్ళు గడ్డి తిన్నారు. తర్వాత చిన్నోడు నడుము ఊపుకుంటూ, గుర్రుగుర్రుమంటూ పెద్దాయన చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి వెనకనుంచి మీదికెక్కాడు.

"ఛీ ఛీ! అత్తయ్యా, ఇద్దరూ మగవాళ్ళేనన్నారుగా!"

"పెత్తనం కోసమే అది. ఎవరు పెద్దో తేల్చుకుంటున్నారు."

"తేల్చుకునే పద్ధతి ఇదా! మాటలతో తేల్చుకోవచ్చుగా!"

"మాటలొచ్చిన మనం మాత్రం ఏం తేల్చుకున్నామే ఇన్నేళ్ళుగా?"

పెద్దాయన ఒక్క విదిలింపుతో చిన్నోణ్ణి దింపేసి, వెనక్కి తిరిగి, పళ్ళు టకటకలాడించాడు. ఆమె తువ్వాలు ఎత్తింది.

"ఆగు," అంది అత్తగారు, కట్టు కట్టిన వేలు పైకెత్తి. "నెత్తురొస్తేనే."

ఆమె తువ్వాలు గాల్లోనే ఆపింది. రెండూ ముక్కుకు ముక్కు పెట్టి, తలలు పైకి, ఇంకా పైకి ఎత్తాయి. చిన్నోడు లేచి దూకబోయాడు. పెద్దాయన నడుము తిప్పి, వాడి మొహం మీదికి సూటిగా ఉచ్చ చిమ్మాడు. సగం వాడిమీద, సగం గోడకు నిలబెట్టిన పరుపు మీద పడింది.

"నా పరుపు!"

చిన్నోడు బిత్తరపోయి, మొహం తుడుచుకుని, తల దించేశాడు. మెల్లగా వచ్చి పెద్దాయన గడ్డం కింద దూరి, కీచుకీచుమన్నాడు. పెద్దాయన వాడి నెత్తి వాసన చూసి, వదిలేసి, గడ్డి కుప్ప వైపు నడిచాడు. వాడు వెనకే వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా అవే తరుముళ్ళు, అవే గుర్రులు, నడుమనడుమ తిండి. నెత్తురు మాత్రం రాలేదు. ఎండ కిటికీలోంచి నేలమీదికి వచ్చేసరికి ఇద్దరూ బారెడు దూరంలో కాళ్ళు చాపుకుని పడుకున్నారు. ఆమె ఈలోగా బోనులు రెండూ వెనిగరు నీళ్ళతో తోమి, ఎవరి వాసనా మిగలకుండా చేసి, మధ్య కమ్మీలు తీసి ఒకటిగా కట్టింది. అందులోకి ఇద్దర్నీ ఒకేసారి దింపింది.

వాళ్ళేమీ ప్రాణస్నేహితులైపోలేదు. కీరా ముక్క కోసం ఇప్పటికీ కొట్టుకుంటారు. కానీ పెద్దాయన తిండి పెంచాడు. చిన్నోడు కనబడకపోతే పెట్టెలో తల పెట్టి వెతుకుతాడు. అత్తగారి వేలు మానింది. గుడ్డలూ గడ్డీ ఆవిడే చూసుకుంటోంది. పరుపు ఎన్నిసార్లు ఎండలో వేసినా ఆ వాసన పూర్తిగా పోలేదు. పెద్దాయన సంచి శుభ్రం చేసే పని మాత్రం కోడలిదే, ఎందుకంటే అత్తగారి చేతులు కాస్త వణుకుతాయి. సెలవురోజు వస్తే తలుపు వేసుకుని, మాస్కు కట్టుకుని, ఆ పని చేస్తుంది. ఇప్పటికీ ఆమెకు డోకొస్తుంది. ఇప్పటికీ లోపలినుంచి, "ఛీ, రోత వెధవా, కదలకు! నొప్పెడుతోందా? అయిపోయింది, అయిపోయింది," అని వినబడుతూ ఉంటుంది.