అసలు సిసలు మొరాకో టీ

నాలుగు రోజులు వంటింటి మొహం చూడకూడదు. మొరాకో ప్రయాణం మీద నా ఆశ అంతే. మా ఆయన జ్ఞానశేఖర్‌కు మాత్రం అక్కడి జీవితం అసలు సిసలుగా చూడాలని ఉంది. అందుకని హోటల్ మానేసి ఒకరింట్లో బస మాట్లాడాడు. వెళ్లీ వెళ్లగానే ఆ ఇంటావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కుస్‌కుస్ కోసం గోధుమరవ్వను చేత్తో నలపడం నేర్పింది. మదనపల్లెలో ఉప్మాను వదిలి విమానమెక్కితే, అది నాకంటే ముందే చేరి కూర్చుంది.

సాయంత్రం మాత్రం ఇంటాయన అహ్మద్ పుదీనా టీ తానే కాచి, కూజా పైకెత్తి గ్లాసుల్లో నురగొచ్చేలా పోశాడు. ఆ ఇంట్లో అతిథులకు టీ పోయడం మగవాళ్ల మర్యాదట. ఇంటావిడ కాళ్లు చాపుకుంది. ఆ ప్రయాణంలో నేను కన్నార్పకుండా చూసింది అదొక్కటే.

తిరిగొచ్చిన మర్నాడే, నా నడుము ఇంకా విమానం సీటులోనే ఉండగా, పుంగనూరు నుంచి ఆడబిడ్డ ఎవాంజెలిన్ దిగింది.

"అసలు సిసలు మొరాకో టీ తాగుదువుగానీ ఉండమ్మా. ఇందిరా, నీళ్లు పెట్టు," అన్నాడాయన సోఫాలోంచి.

"నేను పెడితే మదనపల్లె టీ అయిపోతాదండీ. ఆడ ఇంటాయనే కదా కాచింది," అంటూ ఎవాంజెలిన్ పక్కన చతికిలబడ్డాను.

"అవునాన్నా? అయితే లెయ్, సూస్తాం!" అంది ఆమె.

ఆయన లేచాడు. కాసేపటికి వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఇందిరా, టీపొడి యాడుండాది?"

"అహ్మద్ గారు వాళ్లావిడను అడగలేదండీ," అన్నాను కాళ్లు చాపుకుంటూ.