వేలెడు పక్కకు పడిన చుక్క

పొద్దున్నే ఇల్లూడ్చి, చెంగు ముక్కుకు కట్టుకుని బియ్యం ఏరడం సత్యమ్మకు అలవాటైపోయింది. తాండూరు నాపరాయి గనుల దుమ్ము బియ్యంలోకీ, పక్కబట్టల్లోకీ, ఊపిరిలోకీ వచ్చేది. ఆమె భర్త దేవప్ప హైస్కూల్లో లెక్కల మాస్టారు. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. పెళ్లయ్యాక అతన్ని వికారాబాద్ నుంచి ఇక్కడికి బదిలీ చేశారు.

వాళ్ల అద్దింట్లో నేల నడుమ పరిచిన నాపరాయి బండ మీద లెక్క తప్పేది. రెండు గీతలు గీసి, ఒక్కోదాని మీద మూడేసి చుక్కలు పెట్టి, వీటిని వాటితో అడ్డంగా కలిపితే, ఆ గీతలు ఒకదాన్నొకటి దాటే మూడు చోట్లూ ఒకే వరసలో పడాలి. ఆ బండ మీద మూడోది వేలెడు పక్కకు పడేది.

“మా అత్త కాలం నుంచి గంతే సారూ,” అంది ఇంటామె భీమమ్మ, పొయ్యి ఊదుకుంటూ. “గా బండ మీద మన బతుకుల ముందు జరిగిందీ వెనుక జరిగిందీ తిప్పి గీస్తే ఇంకో బతుకుల తేల్తరు. పెద్దేముల్ ఊర్ల ఒకాయన కనబడ్డప్పుడల్లా నన్ను వదినా అంటడు. తిప్పినోళ్లకే గుర్తుంటదంట. నాకైతే ఆయనెవరో తెల్వదు.”

దేవప్పకు అందులో వింతేమీ కనబడలేదు. మూడు చుక్కలూ వరసలో పడే నేల మీదనే గుణకారంలో ముందువెనుకలు మార్చినా జవాబు మారదు. పడని చోట ఇటునుంచి గుణిస్తే ఒకటి, అటునుంచి గుణిస్తే మరొకటి. కాలేజీలో చదివిందే ఇక్కడ కాళ్ల కింద ఉంది.

రెండో చలికాలానికి సత్యమ్మ దగ్గులో నెత్తురు పడింది. వికారాబాద్ డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

ఒక మధ్యాహ్నం దేవప్ప సుద్దముక్కతో బండ మీద కూర్చున్నాడు. గోడకానుకున్న సత్యమ్మ అడిగింది.

“ఏం లెక్క గది?”

“మనకు ముందు పెళ్లి, వెనుక తాండూరు. ముందు తాండూరు పెడితే, గీ దుమ్ములున్నోనికి మీ నాయిన పిల్లనియ్యడు. నువ్వు గీడికి రావు. బతుకుతవు.”

“మీకు యాదికుంటనా?”

“ఉంటవ్.”

“నాకు మీరు?”

అతను సుద్దముక్క కొసను బండకు రాసి సన్నగా చేశాడు.

“అయితే వద్దు. ఉన్నన్ని దినాలు మీ ఇంట్లనే ఉంట.”

దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డను అతను చూడకుండా మడవబోయింది గానీ వేళ్లు ఆడలేదు. దేవప్ప తాండూరును ముందు పెట్టి గీత గీశాడు.

గోడ దగ్గర ఎవరూ లేరు. పొయ్యి మీద ఒక్కడికి సరిపడా అన్నం ఉడుకుతోంది. భీమమ్మ వచ్చి, “ఒంటరోళ్లు, గింత పప్పు తీసుకోండి సారూ,” అని గిన్నె పెట్టిపోయింది.

ఎండాకాలంలో వికారాబాద్ స్టేషన్లో సత్యమ్మ కనిపించింది. ఒళ్లు చేసింది. ఇప్పటి భర్త టికెట్లకు పోయినట్టున్నాడు, బెంచీ మీద మూటల మధ్య కూర్చుంది. దేవప్ప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

“ఎండ తగిలిందా అన్నా? జర నీళ్లు తాగుండ్రి,” అని చెంబు అందించింది.

తాగి ఇచ్చేశాడు. హైదరాబాద్ బండి వచ్చింది, ఆమె భర్త వెంట ఎక్కింది. ముందు పెళ్లి, లేదా ముందు తాండూరు: ఉన్నవి రెండే తీర్లు, రెండూ అయిపోయాయి. తాండూరు బండి వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.