కల్వర్టు ముందు కర్ర లోడు

కల్వర్టు మీద టేపు రెండు మీటర్లయినా సాగకముందే తండా మనిషి మంగ్లి వచ్చి దాని మీద కాలు పెట్టింది.

"ఏంది కొలుస్తున్నవ్? ఎవరు పంపిండ్రు నిన్ను?"

సంసోను నడుం ఎత్తి చూశాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. వెనక ఇరవై టన్నుల జామాయిల్ కర్రతో అతని లారీ ఆగి ఉంది. ముందు తండా వాగు మీద కల్వర్టు. దాని ఎడమ అంచు కూలి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. టేకులపల్లి దాటాక ఫోనులో మ్యాపు ఇటు తిప్పింది, మెయిన్ రోడ్డు కన్నా పద్నాలుగు కిలోమీటర్లు తక్కువని. నువ్వు నడిపేది కారా, లారీనా అని ఆ మ్యాపు ఒక్కసారి అడిగితే కదా!

"ఎవరూ పంపలేదమ్మా. లారీ డ్రైవర్ని. ఇది లారీలకు పనికిరాదని ఫోన్ మ్యాపుల పెడదామని కొలుస్తున్న."

"అబ్బో! పోయినేడు ఒకడు బైకు మీద వచ్చి గిట్లనే చెప్పిండు. మీ తండా దారి మ్యాపుల లేదు, ఎక్కిస్తనన్నడు. చాయ్ గూడ పోసినం. నెల తిరగకముందే లారీలు దిగినయ్. గా అంచు ఎట్ల కూలిందనుకున్నవ్?"

ఆ బైకు మనిషి చెడ్డవాడని చెప్పలేం. ఆ మ్యాపును ఎవరైనా దిద్దవచ్చు. ఉన్న దారిని ఉన్నట్టే గీసి పోయాడు. కానీ కొలతంటేనే మంగ్లికి ఒళ్లు మండుతుంది. కొలవడానికి వచ్చినవాళ్లు తండాకు ఏమైనా ఇచ్చి పోయారా ఎప్పుడైనా?

సంసోను ఫోను ఆమె ముందు పెట్టి వెతికాడు. బరువు రాసే గడి ఎక్కడా లేదు. లారీలకు మాత్రమే వద్దని చెప్పే వీలూ లేదు. దారి తెరిచి ఉందనాలి, లేదా మూసేశారనాలి.

"మూసిండ్రని పెట్టు మరి," అంది మంగ్లి. అంతలోనే ఆమెకు అనుమానం వచ్చింది. "ఆగాగు. నూటెనిమిది బండోడు గూడ గీ ఫోన్ చూసుకుంటనే వస్తడు గదా?"

"అవ్."

"నా కోడలికి నెలలు నిండినయ్. మూసిండ్రని కనపడితే బండి ఎటు వోతది?"

"చుట్టు తిరిగి వస్తది. గంట ఎక్కువైతది."

"తెరిచుంచితే మీ లారీలు కూలగొడ్తయ్. మూస్తే దవాఖానా దూరమైతది. మంచి ఫోనే దొరికింది మీకు!"

సంసోను ఏ మీటా నొక్కలేదు. ఇంతలో ఫోనే మోగింది. మధిరలో ఆఫీసులో కూర్చుని తన లారీలు ఎక్కడున్నాయో చూసుకునే ఓనరు బసవపున్నయ్య.

"ఏంట్రా, అరగంట నుంచి బండి కదలట్లేదు?"

"కల్వర్టు బాలేదయ్యా. తండా మొత్తానికి దగ్గరి తొవ్వ గిదొక్కటే. వెనక్కి తిప్పి మెయిన్ రోడ్డున వోత."

"మ్యాపులో దారి చూపిస్తోందిగా! నీ వెనకే రెండో బండిలో కోటేష్ వస్తున్నాడు. నీకు చేతకాకపోతే తాళాలు వాడికిచ్చి ఇంటికి పో, రెండు బళ్లూ వాడే దాటిస్తాడు. మళ్లీ రానక్కర్లేదు."

సంసోనుకు భయమేసింది. నెలకు పద్దెనిమిది వేలు, అవీ పన్నెండేళ్లు చాకిరీ చేస్తే వచ్చినవి.

"నేను దాటించనయ్యా. కోటేష్‌కూ ఇయ్యను," అన్నాడు.

దుమ్ము లేపుకుంటూ రెండో లారీ వచ్చి వెనక ఆగింది. కోటేష్ దిగి చెయ్యి చాపాడు. "తాళాలియ్యన్నా. ఓనరు చెప్పిండు. నా మీద కోపం వెట్టుకోకు."

మంగ్లి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఇద్దరూ ఒక్కటే గదా. ఏం నాటకమాడుతున్నరు?"

"ఒక్క ఓనరు దగ్గరనే చేస్తున్నమమ్మా," అన్నాడు సంసోను. కోటేష్ వైపు తిరిగాడు. "ముందు నీ బండి వెనక్కి తియ్యి. నూటెనిమిది వచ్చే తొవ్వ ఇది. ఇద్దరం రివర్సులనే పోవాలె."

క్యాబిన్ ఎక్కి రివర్సు గేరు వేశాడు. ఫోను మోగుతోంది, ఎత్తలేదు. కోటేష్ చాపిన చెయ్యి దించకుండా అక్కడే నిలబడ్డాడు.

మంగ్లి కల్వర్టు నడిమధ్యకు పోయి అడ్డంగా కూర్చుంది. వాళ్లిద్దరిలో ఎవరినీ ఆమె నమ్మలేదు.