ఏరు దాటిన ఇల్లు

ఇల్లు లేదు.

లగియెం వీపున గంపతో అలాగే వాకిట్లో నిలబడిపోయింది. కూతురికి పురుడు పోసి, మనవణ్ణి కళ్లారా చూసుకుని, పక్క తాలూకా నుంచి కాళ్లీడ్చుకుంటూ నడిచి వచ్చింది. వెదురు కంచె ఉంది. మునగచెట్టు ఉంది. ఇల్లుండాల్సిన చోట స్తంభాల కింది రాతి దిమ్మెలు మాత్రం ఎండకు కాలుతున్నాయి. కోళ్లు వాటి చుట్టూ తిరుగుతూ గూటి కోసం వెతుక్కుంటున్నాయి.

పక్కింటి జుమినెం నవ్వుమొహంతో పరుగెత్తుకొచ్చింది.

"వచ్చావా అక్కా! మనవడా, మనవరాలా? నీ ఇల్లు ఏరవతల ఎంత బాగా దింపారనుకున్నావ్! ఒక్క పెంకు కూడా జారలేదు. మా ఆయన సర్తో భుజం మాత్రం గుమ్మడికాయలా వాచిపోయింది."

"ఏరవతలా? ఎవరు దింపమన్నారే?"

"నువ్వే కదా! కూతురి దగ్గరికి మకాం మార్చేస్తున్నావని లురా చెప్పాడు. ఊరు దాటడానికి చీటీ కూడా తనే ఇచ్చానన్నాడు."

చీటీ ఇచ్చిన మాట నిజమే. లురా అంటే ఊరి పెద్ద, ఆయన చీటీ లేకుండా పక్క తాలూకాలో అడుగు పెడితే పోలీసులు పట్టుకుపోతారు. ఎప్పుడూ పదిసార్లు తిప్పించుకునే వీర్యో లురా ఆ చీటీని అడిగిన వెంటనే ఇచ్చాడు. మనవడి సంబరంలో ఉన్న లగియెం అదేమని ఆలోచించలేదు.

ఇళ్లు మోయడం ఆ ఊరికి కొత్త కాదు. అక్కడ టేకు స్తంభాల్ని నేలలో పాతరు, దిమ్మెల మీద నిలబెడతారు. అన్నదమ్ములు విడిపోయినా, అల్లుడు వేరుపడినా చావిట్లో కొయ్యడోలు మోగుతుంది. మోగగానే మగవాళ్లు చేతిలో పని వదిలేసి వస్తారు. వెదుళ్లు అడ్డంగా బిగించి, కప్పుతో సహా ఇంటిని ఎత్తి నడిపిస్తారు. ఎందుకని అడగడం మర్యాద కాదు. ఇవాళ నీ ఇల్లు, రేపు నా ఇల్లు. ఆ మర్యాదనే లురా ఎరగా వేశాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి ఆ రోజు ఊరందరికీ మేకను కోసి పెట్టాడు. అప్పుడైనా ఎవడికీ అనుమానం పుట్టలేదు. తిన్నారు, త్రేన్చారు, ఎత్తారు.

"మీ నోట్లో మన్ను పడ!" లగియెం గంప నేలకేసి కొట్టింది. "మీరు మోసింది ఇల్లు కాదే, నా మడి!"

జుమినెం మొహంలో నవ్వు ఆరిపోయింది.

ఊరి పొలం ఉమ్మడి. ఊళ్లో ఇల్లున్నవాళ్లకే అందులో మడి. ఏరు ఊరికి హద్దు. ఇల్లు హద్దు దాటిందా, మడి ఊరి పెద్ద చేతికి పోతుంది. దొరల చెరకు మిల్లుకు ఆ పొలమంతా కావాలి. లగియెం మడి కాలువ మొదట్లో ఉంది. అది దక్కితే నీళ్లు మిల్లు గుప్పిట్లోకి వెళ్తాయి. నీళ్లు లేకుండా వరి పండించేవాడెవడు? తక్కినవాళ్లంతా తమంతట తామే వేలిముద్ర వేస్తారు. మొగుణ్ణి మిల్లు కాలువ పనిలో పోగొట్టుకున్న లగియెం మాత్రం ఎన్ని ఆశలు చూపినా వేలు కదపలేదు. అందుకే లురా ఆవిణ్ణి వదిలేసి ఇంటిని కదిలించాడు.

పొద్దువాలే వేళకు మిల్లు మేస్త్రీ ఆ మడిలో గూటాలు దిగ్గొట్టించాడు. అప్పుడు ఊరికి తెలిసొచ్చింది.

ఆ సాయంత్రం ఏరవతల, అదే ఇంట్లో అందరూ కూడారు. సర్తో తల ఎత్తలేకపోయాడు. మొన్న ముందుండి మోసేవాళ్ల అడుగులు కలిపే పాట పాడింది అతనే.

"పై అధికారికి అర్జీ పెడదాం," అన్నాడు ద్రోనో తాత.

"అర్జీ ఎవరి చేతి మీదుగా పోవాలి తాతా?" అంది లగియెం. "లురా చేతి మీదుగానేగా? దొంగ చేతికే తాళాలిస్తావా?"

"చెరకు తగలబెడదాం!" పరిమిన్ అనే కుర్రవాడు లేచాడు.

"తగలబెట్టు," అంది లగియెం. "నువ్వు జైలుకు పోతావు, మడి మిల్లుకు పోతుంది. ఇద్దరూ చక్కగా కుదురుకుంటారు. ఎత్తింది మీరు, దించింది మీరు. మళ్లీ మీరే ఎత్తండి. వచ్చిన దారినే తీసుకెళ్లండి."

గుసగుసలు లేచాయి. లురా ఆజ్ఞ లేకుండానా? చావిడి తాళం లురా దగ్గరుంది కదా, డోలు కొట్టేదెవరు? మిల్లుకు బండి తోలే కసాన్ కండువా దులుపుకుని లేచాడు.

"నేను రాను. చెరకు తోలితేనే నా ఎద్దులకు గడ్డి."

"మేక తినేటప్పుడు గుర్తు రాలేదా నీ ఎద్దులు?" అంది జుమినెం. జనం గొల్లుమన్నారు. కసాన్ చీకట్లోకి వెళ్లిపోయాడు.

"డోలు మగవాళ్లది," అంది జుమినెం మళ్లీ. "రోలు మాది. ప్రతి ఇంట్లోనూ ఉంది. లురా ఎన్నింటికి తాళం వేస్తాడు?"

తెల్లవారేసరికి ఆడవాళ్లు ఉత్త రోళ్లు దంచడం మొదలుపెట్టారు. ముందొకటి, ఆ వెనక నాలుగు, ఆ తర్వాత వీధంతా. గ్రహణం రోజున తప్ప ఉత్త రోలు దంచని ఊరది. మగవాళ్లు ఉడికించిన కర్రపెండలం నములుకుంటూ ఏరు దాటారు. వెదుళ్లు బిగించారు. సర్తో గొంతెత్తాడు. ఇల్లు లేచింది.

లగియెం ఇంటి లోపలే నడిచింది, నడి స్తంభం మీద చెయ్యి వేసి. తన వంటిల్లు తనతో పాటు నడుస్తోంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

నడుం లోతు నీళ్లలోకి దిగేసరికి ఊరి వైపు గట్టున లురా, మేస్త్రీ, లాఠీలతో పోలీసులు.

"దించండి!" అరిచాడు పోలీసు నాయకుడు.

"ఏట్లో ఎట్టా దించాలి దొరా? పడవనుకున్నారా?"

"అయితే వెనక్కి తిప్పండి!"

"ఎద్దుబండైతే తిప్పేవాళ్లం!"

లురా గొంతు మెత్తబడింది. "ఒరే, మీరు నా బిడ్డల్లాంటివాళ్లు. ఇప్పుడు వెదురు వదిలి గట్టెక్కినవాడికి ఏ శిక్షా ఉండదు. పైగా కాలువ పక్క మడి ఇప్పిస్తా."

లగియెం వెదుళ్ల మీది చేతుల వైపు చూసింది. కాలువ పక్క మడంటే ఎవడికి చేదు? కానీ ఒక్కడు వదిలితే ఆ బరువు పక్కవాడి మెడ మీద పడుతుంది. పక్కవాడు తమ్ముడో, బావో, నిన్న పోట్లాడిన పొరుగువాడో. ఆ సంగతి చెప్పడానికి ఏ ఉపన్యాసమూ అక్కర్లేకపోయింది, భుజాలకే తెలుస్తోంది.

"అడుగెయ్యండి!" అన్నాడు సర్తో.

లాఠీలు లేచాయి. పరిమిన్ తల పగిలి కూలబడ్డాడు. ఇల్లు ఓ పక్కకు ఒరిగింది. పెంకులు జారి నీళ్లలో పడ్డాయి. లగియెం ఒక్క ఉరుకున వచ్చి పరిమిన్ వదిలిన వెదురు కింద భుజం పెట్టింది. బరువుకు కళ్లు తిరిగాయి. ఎవరో వెనక నుంచి వచ్చి ఆ వెదురును ఎత్తి పట్టుకున్నారు. చూస్తే కసాన్.

"ఎద్దులేవిరా?" అంది రొప్పుతూ.

"ఇప్పుడు నేనే ఎద్దును. తోలు పిన్నీ!"

రోళ్లు వదిలి గట్టుకు వచ్చిన ఆడవాళ్లు రోకళ్లతోనే నీళ్లలోకి దిగారు. కొందరు పరిమిన్‌ను మోసుకెళ్లారు, తక్కినవాళ్లు లాఠీలకూ ఇంటికీ మధ్య నిలబడ్డారు. ఇల్లు ఏరు దాటింది, వీధిలోకి వచ్చింది. లురా వెళ్లి దిమ్మెల మధ్య నిలబడ్డాడు.

"నా శవం మీద దించండ్రా!"

"పక్కకు జరగండయ్యా, గడప తగులుతుంది," అన్నాడు సర్తో చాలా మర్యాదగా.

ఇల్లు ఆగలేదు. లురా ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకోటి వేశాడు, చివరికి జరీ పంచె కంచెకు పట్టుకుని చిరుగుతుంటే అవతలికి దూకాడు. స్తంభాలు దిమ్మెల మీద కూర్చున్నాయి. జుమినెం తిన్నగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి రాజేసింది.

"నాయకుడెవడు?" పోలీసు నాయకుడు గర్జించాడు.

"లురా గారే! ఈ ఇల్లు మోయడం మాకు నేర్పింది ఆయనే!" అని గుంపులోంచి ఎవరో అన్నారు.

లగియెం ముందుకొచ్చింది. "ఇల్లు నాది. పిలిచింది నేను."

"రోలు దంచింది నేను!" "నేను!" "నేనూ!" కంచె చుట్టూ ఆడవాళ్లు.

అందర్నీ కట్టడానికి తాళ్లు చాల్లేదు. లగియెం చేతులూ, సర్తో చేతులూ కట్టారు. లురా కంచె అవతల నుంచి పళ్లు కొరికాడు. "జైల్లో కూర్చుంటే ఇంట్లో ఎవతె ఉంటుందే? పాడుబడ్డ ఇంటికి మడి లేదు!"

"నేనుంటా," అంది జుమినెం గుమ్మంలోంచి. మొగుడి చేతులకున్న తాడు వైపు ఒకసారి చూసింది. "నా తర్వాత ఇంకొకతె. లగియెం అక్క వచ్చేదాకా ఈ పొయ్యి ఆరదు. వెళ్లి మడి చూసుకోండి, గూటాలు పీకేస్తున్నారు మావాళ్లు."

పట్నం దారి కరంగ్‌వుని అనే ఊరి చెరకు తోటల మధ్య నుంచి పోతుంది. తాళ్లతో నడిచివస్తున్న వాళ్లను చూసి కూలీలు పని ఆపారు. పార పట్టుకున్న ఒకతను దారికి దగ్గరగా వచ్చాడు.

"ఇంటిని వెనక్కి తెచ్చుకున్నది మీరేనా?"

"నోర్ముయ్!" అన్నాడు పోలీసు.

"మేమే," అంది లగియెం.

"మా మళ్లూ ఇట్టాగే పోయినయ్ అక్కా. ఎత్తాలంటే ఎంతమంది కావాలి?"

"అందరూ. ఒక్కడు తగ్గినా పక్కవాడి నడుం విరుగుతుంది."

పోలీసు ఆవిణ్ణి ముందుకు నెట్టాడు. అతను పార కింద పడేసి, పక్క సాళ్లలో ఉన్నవాళ్ల వైపు నడిచాడు.