మార్లిస్ వైరింగు

"మార్లిస్, నీ చేతులు చిన్నవి, కాస్త ఇలా రా" అని పిలిచాడు మా ఆయన రాయ్స్ గ్యారేజీలోంచి. అప్పుడు నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. తను కట్టుకుంటున్న విమానంలో మీటర్లు బిగించే పానెల్ వెనక ఏదో వైరు అందడం లేదట, అతని చెయ్యి అందులో పట్టడం లేదట. పది నిమిషాల పనే అన్నాడు. చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఆ పది నిమిషాలు ఏళ్ళ తరబడి సాగాయి.

మా విస్కాన్సిన్‌లో మగవాళ్ళకు ఈ పిచ్చి కొత్తేమీ కాదు. మా వీధిలోనే రెండు గ్యారేజీల్లో సగం సగం విమానాలున్నాయి. పెట్టెల్లో రేకులు వస్తాయి. వాటికి చిల్లులు పొడిచి, రివెట్లు కొట్టి, రెక్కలు, తోక చేసుకుని, బతికుంటే ఏదో ఒక రోజు ఎగురుతారు. రాయ్స్ విమానం గ్యారేజీలో హీటరు పక్కన వెచ్చగా ఉండేది, నా కారు బయట మంచులో ఉండేది. పళ్ళ డాక్టరు దగ్గర రోగులకు తేదీలు రాసిచ్చే ఉద్యోగం నాది. పొద్దున్నే అద్దం మీద గడ్డకట్టిన మంచు గీక్కుని బయల్దేరుతుంటే రాయ్స్ కిటికీలోంచి కాఫీ కప్పు పైకెత్తి చూపించేవాడు. ప్రేమగానే.

రేకు పనంటే అతనికి ప్రాణం. చప్పుడవుతుంది, చెమట పడుతుంది, స్నేహితులు వచ్చి చెరో పక్క పట్టుకుంటారు. వైర్లంటే మాత్రం ఒళ్ళు బరువు. "అది కూర్చుని చేసే పని, కుట్టుపనిలాంటిది. నీకైతే ఓపిక ఎక్కువ" అని నాకు అప్పజెప్పాడు. ఓపిక నాకు పుట్టుకతో రాలేదు. ఈ ఇంట్లో ఒకే పనిని రోజూ చేసీ చేసీ వచ్చింది. అది నా గుణమని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు.

అయినా నిజం చెప్పాలి, ఆ పని నాకు నచ్చింది. మొదట్లో వైర్ల చివర పిన్నులు సరిగ్గా నొక్కలేక ఎన్ని పాడుచేశానో. రేడియోతో వచ్చిన పుస్తకాన్ని అంట్లు తోమాక వంటింటి బల్ల మీద పెట్టుకుని చదివేదాన్ని. ఏ వైరు దేనికి దూరంగా పోవాలో, రేడియో ఏంటెన్నా వైరును ఎక్కడ మడవకూడదో, మైకు వైరు మీద కప్పిన లోహపు జాలీని ఒక్క చివరే ఎర్తుకు ఎందుకు కలపాలో మెల్లగా తలకెక్కింది. వైర్లన్నీ ఒక కట్టగా చేర్చి, మైనం పూసిన దారంతో వేలెడు వేలెడు దూరంలో ముడులు వేసుకుంటూ పోవాలి. ఆ ముడులు వేస్తున్నప్పుడు నా మనసు ఎంత కుదురుగా ఉండేదో రాయ్స్‌కు ఎప్పుడూ చెప్పలేదు, అతను అడగలేదు. గిన్నెలు తోమితే మళ్ళీ జిడ్డవుతాయి. బట్టలు ఉతికితే మళ్ళీ మాస్తాయి. పెళ్ళయ్యాక నేను చేసిన పనుల్లో, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టక్కర్లేని పని ఇదొక్కటే.

మా ఊరి విమానాల క్లబ్బులో డెల్బర్ట్ అనే పెద్దాయన ఉన్నారు. కొత్తగా విమానం కట్టుకునేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పని ఎలా సాగుతోందో చూసి తప్పొప్పులు చెప్తారు. మా గ్యారేజీకి వచ్చి పానెల్ కింద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి చాలాసేపు చూశారు.

"రాయ్స్, ఈ ముడులు చూస్తుంటే ముచ్చటేస్తోందయ్యా" అన్నారు.

"అవునండీ, దాని మీద బాగా టైం పెట్టాం" అన్నాడు రాయ్స్.

పెట్టాం. నేను కాఫీ ట్రే పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. "ఎవరు పెట్టారు?" అని అడగబోయాను. "పంచదార ఎంత వెయ్యమంటారు?" అని అడిగాను డెల్బర్ట్ గారిని. ఆ పూట నా మీద నాకే ఒళ్ళు మండింది.

అత్తగారు ఆర్డిస్ ఆదివారాలు వచ్చి గ్యారేజీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "పగలంతా ఉద్యోగం, ఇంటికొస్తే ఈ చాకిరీ, ఎంత చిక్కిపోయాడో చూడు" అనేవారు కొడుకును చూసి. అప్పుడు నేను విమానంలో తలకిందులుగా దూరి, కాళ్ళు బయటికి పెట్టి పని చేస్తుండేదాన్ని. ఆ కాళ్ళతోనే మాట్లాడుతున్నట్టు, "నువ్వు కాస్త సాయం చేస్తున్నావు, మంచిదే అమ్మాయ్. వాడికి తోడుగా ఉంటుంది" అనేవారు.

విమానం పూర్తయ్యాక ప్రభుత్వం తరఫున తనిఖీ అధికారి వస్తాడు. కట్టినవాళ్ళలో ఒక్కరికి మాత్రం మరమ్మతు లైసెన్సు ఇస్తారు. అది ఉన్న మనిషి ఏటా ఆ విమానాన్ని విప్పి పరీక్షించి, బాగుందని సంతకం పెట్టొచ్చు. ఆ సంతకం లేకుండా ఎగరకూడదు. లైసెన్సు లేకపోతే డబ్బులిచ్చి బయటి మెకానిక్‌ను బతిమాలుకోవాలి. ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ ఆ లైసెన్సు నాకు కావాలి. కావాలంటే మామూలుగా కాదు, డాక్టరు దగ్గర ఫోను ఎత్తుతున్నా, కూర కలుపుతున్నా అదే ధ్యాస. నా పేరు మీద ఒక్క కాగితం, అదీ నేను చేసిన పనికి. ఎవరి భార్యననో, ఎవరి కోడలిననో కాదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ధైర్యం చేసి అన్నాను. "రాయ్స్, ఆ మరమ్మతు లైసెన్సు నేను తీసుకోనా?"

రాయ్స్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లలు ముద్దుగా ఏదో అడిగితే నవ్వే నవ్వు. "దాన్నేం చేసుకుంటావ్? నువ్వు ఎగరవు కదా."

"ఫ్రేము కట్టించి వంటింట్లో తగిలించుకుంటుందేమో" అన్నారు అత్తగారు, బఠానీల గిన్నె అందుకుంటూ.

"అయినా ఊరికే ఇవ్వరు మార్లిస్, కట్టినట్టు ఫోటోలు చూపించాలి" అని రాయ్స్ లేచి ఆల్బం తెచ్చాడు. మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాను. రివెట్లు కొడుతూ రాయ్స్, రెక్క ఎత్తుతూ రాయ్స్, ఇంజిను పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని రాయ్స్. అన్నీ నేను తీసినవే. ఒక దాంట్లో నా మోచెయ్యి పడింది. ఇన్నాళ్ళూ కెమెరా వెనక నిలబడి నన్ను నేనే చెరిపేసుకున్నానా అనిపించి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆల్బం తీసుకెళ్ళి అలమారలో పెట్టింది కూడా నేనే.

వసంతం రాగానే విమానాన్ని ట్రక్కు మీద ఊరి బయట గడ్డి రన్‌వే పక్కనున్న షెడ్డుకు తీసుకెళ్ళాం. అక్కడ ఏటా పాన్‌కేకుల శనివారం ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగవాళ్ళు చిన్న చిన్న విమానాల్లో వచ్చి దిగుతారు, పాన్‌కేకులనే మెత్తటి అట్లు తింటారు, ఒకరి విమానం ఒకరు చూసుకుని మళ్ళీ ఎగిరిపోతారు. పెనాల ముందు నిలబడేది ఆడవాళ్ళం. రాయ్స్ ఆ రోజు ఇంజిను ఆన్ చేసి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు సీట్లో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించాడు. రేడియోలో సన్నటి కూత. ఇంజిను జోరు పెంచితే అదీ పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. ఎదుటివాడి మాట వినపడితే ఒట్టు.

"అదా, అది మార్లిస్ వైరింగు" అన్నాడు రాయ్స్. ఇంజిను చప్పుడులో అరిచి చెప్పాలి కదా, నాకూ వినపడింది. తరవాత కూర్చున్నవాడికీ అదే చెప్పాడు, ఆ తరవాతవాడికీ అదే. కాసేపట్లో ప్లేట్లు పట్టుకుని వరసలో వచ్చే ప్రతి మగాడూ ఓ ముక్క అనడం మొదలుపెట్టాడు. "మార్లిస్, నీ వైరింగు పాటలు పాడుతోందట కదా." "రేడియో కూడా కుట్టుమిషను మీదే కుట్టావా ఏంటి?" అందరూ మంచివాళ్ళే, అందరూ తెలిసినవాళ్ళే. నేను నవ్వుతూ సిరప్ పోశాను. బాగున్నప్పుడు 'మేం' చేశాం, కూత పెడితే మార్లిస్ చేసింది. పెనం మీద పాన్‌కేకులు మాడిపోతున్నా తిరగేయలేదు. పక్కావిడ వచ్చి నా చేతిలో అట్లకాడ లాక్కుంది.

జనం వెళ్ళిపోయాక, పెనాలు కడిగి, విమానంలోకి ఎక్కాను. నిజంగా నా తప్పేనేమో అన్న భయం. అవమానం కన్నా ఆ భయమే ఎక్కువ బాధపెట్టింది. ఒక్కో వైరూ పట్టుకుని చూసుకుంటూ వచ్చాను. ఏంటెన్నా బాగుంది. జాలీలు బాగున్నాయి. చివరికి హెడ్‌ఫోన్లు గుచ్చే సాకెట్ల దగ్గర నా వేలికి రేకు చల్లగా తగిలింది. అక్కడ రేకు తగలకూడదు. సాకెట్టుకూ పానెల్‌కూ మధ్య కరెంటు పారనివ్వని అట్టలాంటి వాషర్లు పెట్టాను నేను, రెండు వైపులా. సాకెట్టు పానెల్‌ను తాకితే ఎర్తుకు రెండో దారి ఏర్పడుతుంది, ఇంజిను రొద ఆ దారిన తిన్నగా చెవుల్లోకి వస్తుంది. ఆ వాషర్లు లేవు.

"అవా? అట్ట రింగులు" అన్నాడు రాయ్స్ అడిగితే. "చలికాలంలో పానెల్‌కి రంగు వేశాగా, అప్పుడు తీసేశా. రంగు గీసుకుపోకుండా పెట్టావనుకున్నా. చూడ్డానికి బాగా లేవు."

"ఎక్కడున్నాయి?"

"పారేశా."

ఇంత బతుకులో నేను అతని మీద గట్టిగా అరిచింది తక్కువ. అప్పుడూ అరవలేదు. నోరు తెరిస్తే వాషర్లతో ఆగేది కాదు. కొత్తవి తెప్పించి పెట్టాను. రేడియోలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. రాయ్స్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, "భేష్" అన్నాడు. తరవాతి క్లబ్బు మీటింగులో ఎవరో కూత సంగతి అడిగితే, "చిన్న ఎర్తు గొడవలే, సరిచేశాం" అన్నాడట. పాన్‌కేకుల రోజు చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం తోచలేదు.

తనిఖీ రోజు వచ్చింది. అధికారి పేరు హాల్వర్సన్, తక్కువ మాట్లాడే మనిషి. డెల్బర్ట్ గారు సాయంగా వచ్చారు, అత్తగారు దాల్చినచెక్క రొట్టెలు చేసుకుని వచ్చారు. హాల్వర్సన్ విమానమంతా చూసి, సంతృప్తిపడి, "మరమ్మతు లైసెన్సు ఎవరికి రాయమంటారు?" అని అడిగాడు.

రాయ్స్ నోరు తెరిచేలోపు "నాకు" అన్నాను.

రాయ్స్ నవ్వేశాడు. "సరదాకి అంటోందండీ."

"సరదాకి కాదు" అన్నాను.

హాల్వర్సన్ ఆల్బం తిరగేశాడు. "ఇద్దరూ కలిసి కట్టి ఉంటే ఎవరికో మీరే తేల్చుకోవాలి. కానీ అమ్మా, వీటిలో మీరెక్కడా లేరే. మీరు చేశారనడానికి ఏదన్నా ఉందా?"

నా దగ్గర ఏమీ లేదు. రాయ్స్ భుజాలు కాస్త కిందికి దిగడం చూశాను. గండం గడిచిందనుకున్నాడు. అప్పుడు డెల్బర్ట్ గారు రొట్టె నములుతూ, ఏ ఉద్దేశమూ లేకుండానే అన్నారు.

"ఫోటోలెందుకండీ? వైరింగంతా మార్లిస్‌దని ఈ చుట్టుపక్కల ఎగిరేవాళ్ళందరికీ తెలుసు. పాన్‌కేకుల రోజు రాయ్సే చెప్పాడు. ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు."

"చెప్పారా?" అన్నాడు హాల్వర్సన్, రాయ్స్‌ను చూసి.

రాయ్స్ మెడ ఎర్రబడింది. కాదంటే అంతమంది ముందు నా మీద ఊరికే నింద వేసినట్టు ఒప్పుకోవాలి. అవునంటే ఇక చెప్పేదేం లేదు. "చెప్పాను" అన్నాడు.

"అయితే మీరిద్దరూ మాట్లాడుకోండి" అని హాల్వర్సన్ డెల్బర్ట్ గారితో బయటికి వెళ్ళాడు.

"మగాళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?" అన్నాడు రాయ్స్ గొంతు తగ్గించి. కోపం కన్నా బెంగ ఎక్కువుంది ఆ గొంతులో. ఎప్పటిలా నాకు జాలేసింది. ఈ జాలే కదా ఇంత దాకా తెచ్చింది అనుకున్నాను.

"ఎగిరే లైసెన్సు నీకుంది రాయ్స్. ఇదీ నీకే ఎందుకు?"

"మొగుడితో పోటీ ఏంటి అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"పోటీ కాదు అత్తగారూ. అది నా పని. నేను చేశానని చెప్పుకుంటున్నా, అంతే."

రాయ్స్ వంగి పానెల్ కింది ముడుల వంక చూశాడు. తరవాత బయటికి వెళ్ళి, "ఆమెకే రాయండి" అన్నాడు. హాల్వర్సన్ నన్ను కూర్చోబెట్టి అడగాల్సినవి అడిగాడు, నేను చెప్పాను. కొన్నాళ్ళకు పోస్టులో నా పేరుతో కార్డు వచ్చింది. రాయ్స్ ఎగిరాడు, వేసవంతా ఎగిరాడు. నన్నూ రెండుసార్లు ఎక్కించుకున్నాడు. ఇంట్లో పెద్దగా ఏమీ మారలేదు. గిన్నెలు నావే, మంచు గీక్కోవడం నాదే. క్లబ్బులో ఇప్పటికీ 'మేం' అనే అంటాడని విన్నాను.

ఏడాది తిరిగింది. విమానం మొత్తం విప్పి పరీక్షించే రోజులొచ్చాయి. డాక్టరు దగ్గర సెలవు పెట్టి, మూతలన్నీ ఊడదీసి, ఇంజిను దగ్గర నుంచి తోక దాకా చూశాను. శనివారం పొద్దున్న ఆకాశంలో మబ్బు తునక లేదు. పక్క ఊరి రన్‌వే దగ్గర పాన్‌కేకులు, రాయ్స్ స్నేహితులు అప్పటికే ఎగిరిపోయారు. రాయ్స్ జాకెట్టు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నేను సీట్లో కూర్చుని, టార్చి పట్టుకుని పానెల్ కిందికి చూస్తున్నాను.

"మార్లిస్, అయిందా? సంతకం పెడతావా?" అన్నాడు.

"ఇంకా చూడాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేను."

రాయ్స్ స్టూలు లాక్కుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, నా పని అయ్యేదాకా కూర్చున్నాడు. ముందు రోజు సాయంత్రమే అంతా చూడటం అయిపోయిందని నేను అతనికి చెప్పలేదు.